కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రాన్ని ఎలా చదవాలి?

పరిశ్రమల పక్కన ఉన్న ఊళ్లవాళ్లు కాలుష్య నియంత్రణ మండలికి రాసుకున్న ఫిర్యాదులను, పంపేముందు ఒకసారి చూసిపెట్టమని నాకు ఇస్తుంటారు. దాదాపు అన్నీ ఒకే ధోరణిలో ఉంటాయి: రాత్రిళ్లు ఘాటు వాసన వస్తోంది, బోర్లలో నీరు రంగు మారింది, వాగులో చేపలు చచ్చి తేలుతున్నాయి, కాబట్టి ఫ్యాక్టరీని వెంటనే మూయించాలి. అందులో ప్రతి మాటా నిజమే అయినా, ఆ ఫ్యాక్టరీకి మండలి ఏ షరతుల మీద అనుమతి ఇచ్చింది, వాటిలో ఏ షరతు తప్పింది అన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. అలాంటి ఫిర్యాదు మీద తనిఖీకి వచ్చిన అధికారి శుద్ధి ప్లాంటు ఉన్నదని, పరిశ్రమకు అనుమతి అమల్లో ఉన్నదని నాలుగు వాక్యాలు రాసి ఫైలు మూసేయడం చాలా సులభం. ఊరి బాధను మండలి నియమాల భాషలో చెప్పగలిగితే ఆ సౌలభ్యం ఉండదు. దానికి ముందుగా అనుమతి పత్రం ఎలా పుడుతుందో, అందులో ఏముంటుందో తెలియాలి.

రాష్ట్ర మండలులకు పునాది 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం. నీరు రాష్ట్రాల జాబితాలోని అంశం కావడం వల్ల, కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసిన మీదట పార్లమెంటు దీన్ని రాజ్యాంగంలోని 252వ అధికరణం కింద చేసింది. మిగిలిన రాష్ట్రాలు తర్వాత స్వీకరించాయి. ఆంధ్రప్రదేశ్ మండలి 1976లో ఏర్పడింది, రాష్ట్ర విభజనతో 2014లో తెలంగాణకు వేరే మండలి వచ్చింది. 1981లో వాయు కాలుష్య చట్టం, భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం తోడయ్యాయి. అయితే మండలికి నిజంగా కోరలు మొలిచింది 1987, 1988 సవరణలతోనే. అప్పటిదాకా ఒక పరిశ్రమను ఆపాలంటే మండలి కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. జల చట్టంలో 33ఏ, వాయు చట్టంలో 31ఏ సెక్షన్లు చేరాక, పరిశ్రమను మూసివేయమనీ, దానికి కరెంటు, నీటి సరఫరా తీసేయమనీ మండలే నేరుగా ఆదేశించగలుగుతోంది.

అనుమతి రెండు దశల్లో వస్తుంది. స్థలంలో పునాది తీయకముందే తీసుకోవాల్సినది సీఎఫ్‌ఈ, అంటే స్థాపనకు సమ్మతి. యంత్రాలు బిగించి ఉత్పత్తి మొదలుపెట్టేముందు తీసుకోవాల్సినది సీఎఫ్‌ఓ, అంటే నిర్వహణకు సమ్మతి. మొదటిదాంట్లో మండలి చూసేది ప్రధానంగా స్థలం: చెరువు ఎంత దూరం, ఊరు ఎంత దూరం, వాన నీరు ఎటు పారుతుంది, వ్యర్థ జలాలు ఎక్కడికి పోతాయి. రెండోదాంట్లో చూసేది, మొదటి పత్రంలో ఒప్పుకున్న శుద్ధి ఏర్పాట్లన్నీ నిజంగా కట్టారా లేదా అన్నది. నా దృష్టిలో ఊరికి ముఖ్యమైనది సీఎఫ్‌ఈ దశే. కోట్లు ఖర్చుపెట్టి గోడలు లేచాక, ఈ స్థలం తగదని చెప్పడానికి ఏ అధికారికైనా చేయి ఆడదు. కానీ ఊళ్లకు సమాచారం తెలిసేది సాధారణంగా గోడలు లేచాకే.

దరఖాస్తు ఎంత లోతుగా పరిశీలించాలన్నది పరిశ్రమ ఏ వర్గంలో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. 2016లో కేంద్ర మండలి తెచ్చిన పద్ధతిలో నీటి కాలుష్యానికి 40, గాలి కాలుష్యానికి 40, ప్రమాదకర వ్యర్థాలకు 20 చొప్పున మొత్తం 100 మార్కులు వేసి, 60, ఆపైన వస్తే ఎరుపు, 41 నుంచి 59 వరకు నారింజ, 21 నుంచి 40 వరకు ఆకుపచ్చ, ఆలోపు తెలుపు అని విభజించారు. తెలుపు వర్గానికి సమ్మతే అక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు. 2025లో ఈ విభజనను మళ్లీ సవరించి నీలం వర్గాన్ని కూడా చేర్చారు. మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ పరిశ్రమ, సిమెంటు కర్మాగారం, డిస్టిలరీ వంటివి ఎరుపులోకే వస్తాయి.

గడువు విషయంలో చాలామందికి తెలియని నియమం ఒకటి జల చట్టం 25వ సెక్షన్‌లో ఉంది. అన్ని వివరాలతో పూర్తి దరఖాస్తు అందిన నాలుగు నెలల్లోగా మండలి ఇస్తామనో, ఇవ్వమనో తేల్చకపోతే, ఎలాంటి షరతులూ లేకుండా సమ్మతి ఇచ్చినట్టే లెక్క. కార్యాలయంలో ఫైలు కదలకపోవడం పరిశ్రమకే నష్టమని మనం అనుకుంటాం గానీ, చట్టం ప్రకారం ఆ మౌనం షరతుల్లేని అనుమతిగా మారి ఊరికి నష్టం చేస్తుంది. ఇప్పుడు అనుమతులన్నీ ఒకేచోట ఇచ్చే ఏకగవాక్ష విధానాలు వచ్చి ఈ గడువును వారాలకు కుదించాయి. తొందరగా తేల్చడం తప్పు కాదు. కానీ స్థలాన్ని స్వయంగా చూసి నివేదిక ఇవ్వాల్సిన ఇంజనీరు ఒక్కరే కొన్ని వందల పరిశ్రమలకు బాధ్యుడైనప్పుడు, ఆ కొద్ది వారాల్లో జరిగే పరిశీలన ఎంత లోతుగా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఇక పత్రం దగ్గరికి వద్దాం. తెలుగు రాష్ట్రాల మండలులు ఇచ్చే సీఎఫ్‌ఓ సాధారణంగా జల చట్టం, వాయు చట్టం, ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు మూడింటి కింద కలిపి ఇచ్చే ఉమ్మడి ఉత్తర్వు. మొదటి పేజీల్లో మూడు ముఖ్యమైన పట్టికలు ఉంటాయి. ఒకటి ఉత్పత్తుల పట్టిక: ఏ సరుకు, రోజుకు లేదా నెలకు ఎంత. రెండోది వ్యర్థ జలాల పట్టిక: ఏ మార్గం ద్వారా, రోజుకు గరిష్ఠంగా ఎన్ని కిలోలీటర్లు, చివరికి ఎక్కడికి. మూడోది చిమ్నీల పట్టిక: బాయిలర్‌కు ఎన్ని, డీజిల్ జనరేటర్లకు ఎన్ని, ఒక్కొక్కదాని వివరం. వాటి తర్వాత ప్రమాదకర వ్యర్థాల జాబితా, ఆపైన షెడ్యూల్ ‘ఎ’లో అన్ని పరిశ్రమలకూ వర్తించే సాధారణ షరతులు, షెడ్యూల్ ‘బి’లో ఆ పరిశ్రమకు మాత్రమే వర్తించే ప్రత్యేక షరతులు ఉంటాయి. తీరిక లేనివాళ్లు కనీసం ఉత్పత్తుల పట్టికను, షెడ్యూల్ ‘బి’ని చదివితే చాలు.

ఉత్పత్తుల పట్టిక ఎందుకు ముఖ్యమంటే, శుద్ధి ప్లాంటు సామర్థ్యం ఆ అంకెల మీదే కట్టి ఉంటుంది. అనుమతించిన పరిమాణానికి రెట్టింపు తయారుచేసే చోట ప్లాంటు ఎంత చక్కగా నడిచినా సగం నీరు శుద్ధి కాకుండానే మిగులుతుంది, ఆ నీరు ఎక్కడికో ఒక చోటికి పోక తప్పదు. జాబితాలో లేని మందును తయారుచేయడం కూడా ఇలాంటి ఉల్లంఘనే. ఫిర్యాదుల్లో నేను ఎప్పుడూ చూడని అంశం ఇదే, మండలి అధికారులు రికార్డులతో అన్నిటికన్నా సులభంగా పట్టుకోగలిగినదీ ఇదే.

షెడ్యూల్ ‘బి’లో నీటికి సంబంధించిన పరిమితులు అంకెల్లో ఉంటాయి. శుద్ధిచేసిన నీటిని వాగులోకో నదిలోకో వదిలితే సాధారణ ప్రమాణాల ప్రకారం లీటరుకు బీఓడీ (నీటిలోని మలినాన్ని సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేయడానికి కావలసిన ఆక్సిజన్) 30 మిల్లీగ్రాములు, సీఓడీ (అదే పని రసాయనాలతో చేయడానికి కావలసిన ఆక్సిజన్) 250 మిల్లీగ్రాములు, తేలాడే ఘనపదార్థాలు 100 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. అదే నీటిని సాగు భూమికి పారిస్తే బీఓడీ పరిమితి 100, ప్రభుత్వ మురుగు కాల్వలోకి పంపితే 350. అందువల్ల పరీక్షలో బీఓడీ 90 వచ్చిందన్న ఒక్క మాటతో ఏమీ తేలదు. ఆ నీటిని ఎక్కడికి పంపమని పత్రంలో రాశారో చూశాకే అది ఉల్లంఘన అవునో కాదో చెప్పగలం. చాలా బల్క్ డ్రగ్ పరిశ్రమలకు మండలి చుక్క నీరు కూడా బయటికి వదలకూడదనే షరతు పెడుతుంది. అలాంటి చోట లవణాలు ఎక్కువగా ఉన్న నీటిని వేరుగా పట్టి, స్ట్రిప్పర్‌లో ద్రావణులను తీసేసి, ఎవాపరేటర్లలో ఆవిరి చేసి, మిగిలిన ఉప్పును ప్రమాదకర వ్యర్థాల నిల్వ కేంద్రానికి పంపాలి. ఇది విపరీతంగా ఆవిరి, కరెంటు తినే పని. అందుకే వానాకాలపు రాత్రుల్లో కొన్నిచోట్ల పైపు కట్టి వాగులోకి వదిలేస్తారు. వరద నీటిలో కలిస్తే గుర్తుపట్టలేరన్న ధీమా అది.

మామూలు షరతుల్లోనూ ఎంతో పనికొచ్చేవి ఉన్నాయి. శుద్ధి ప్లాంటుకు, గాలి శుద్ధి యంత్రాలకు విడిగా కరెంటు మీటరు పెట్టాలి, రోజువారీ రీడింగు రాయాలి అన్నది వాటిలో ఒకటి. ఉత్పత్తి అంతే ఉండి, ఒక నెలలో ప్లాంటు మీటరు రీడింగు సగానికి పడిపోయిందంటే, ఆ నెలలో ప్లాంటు ఎన్ని రోజులు నిజంగా తిరిగిందో ఆ పుస్తకమే చెబుతుంది. నీటి వాడకానికీ ఇలాగే ప్రాసెస్‌కు, బాయిలర్‌కు, కూలింగ్‌కు, తాగునీటికి వేర్వేరు మీటర్లు ఉంటాయి. జనరేటర్ చిమ్నీ ఎంత ఎత్తుండాలో కూడా సూత్రం ఉంది: భవనం ఎత్తుకు, జనరేటర్ కేవీఏ సామర్థ్యపు వర్గమూలాన్ని 0.2తో గుణించగా వచ్చిన మీటర్లు కలపాలి. 625 కేవీఏ జనరేటరైతే వర్గమూలం 25, దానికి 0.2 పెడితే 5, అంటే చిమ్నీ భవనం కన్నా 5 మీటర్లు పైకి ఉండాలి. దీన్ని ప్రహరీ బయట నిలబడి కంటితోనే అంచనా వేయవచ్చు. వ్యర్థ జలాలు, గాలి ఉద్గారాలు, ప్రమాదకర వ్యర్థాల వివరాలను ప్రధాన ద్వారం బయట బోర్డు మీద చూపాలన్నది కూడా షరతే, కాబట్టి ఆ బోర్డు ఖాళీగా ఉంటే దాన్ని ఫొటో తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మండలి సమ్మతిని, పర్యావరణ అనుమతిని చాలామంది ఒకటే అనుకుంటారు. 2006 సెప్టెంబరు 14న వచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ పరిధిలోకి వచ్చే ప్రాజెక్టులకు ముందుగా పర్యావరణ అనుమతి కావాలి. ‘ఎ’ వర్గానికి అది కేంద్ర మంత్రిత్వ శాఖ నుంచి, ‘బి’ వర్గానికి రాష్ట్ర స్థాయి ప్రాధికార సంస్థ నుంచి వస్తుంది. అది ఇచ్చేది మండలి కాదు. కానీ ప్రజాభిప్రాయ సేకరణ జరిపించేది మండలే. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి, కలెక్టరు గానీ ఆయన ప్రతినిధిగా తగిన హోదా ఉన్న అధికారి గానీ అధ్యక్షత వహించాలి, మొత్తం వీడియో తీయాలి. సభలో చేతులెత్తించి లెక్కపెట్టడం అంటూ ఏదీ ఉండదు. ‘మాకు వద్దు’ అన్న నినాదం వీడియోలో ఉంటుంది గానీ, దానికి కంపెనీ సమాధానం చెప్పాల్సిన పనిలేదు. ‘మీ నివేదికలో మా ఊరి చెరువు ప్రస్తావనే లేదు, వాన నీరు అందులోకే పారుతుంది’ అన్న అభ్యంతరానికి మాత్రం సమాధానం చెప్పాలి, ఆ ప్రశ్న, దాని జవాబు స్థానిక భాషలోనూ ఇంగ్లిషులోనూ కార్యవాహికి జతపడాలి. సభ చివర్లో సారాంశాన్ని అక్కడికక్కడే జనానికి చదివి వినిపించి, అదే రోజు సంతకాలు చేయాలన్నది నోటిఫికేషన్‌లోనే ఉంది. ఆ చదవడం జరిగేదాకా ఊరివాళ్లు కదలకూడదని నేను ప్రతిచోటా చెబుతుంటాను, ఎందుకంటే అప్పటికి చాలామంది ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు, తప్పిపోయిన అభ్యంతరాన్ని చేర్చమనడానికి అదొక్కటే సమయం.

ఈ రెండు అనుమతుల మధ్య సందు ఎంత ప్రమాదకరమో 2020 మే 7న విశాఖపట్నం ఆర్ఆర్ వెంకటాపురంలో తెలిసింది. ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. తాము ఉత్పత్తి చేస్తున్న పరిమాణానికి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమ వద్ద లేదని ఆ కంపెనీయే 2019 మేలో రాష్ట్ర ప్రాధికార సంస్థకు ఇచ్చిన అఫిడవిట్‌లో ఒప్పుకుంది. అయినా మండలి సమ్మతితో ఉత్పత్తి సాగుతూనే ఉంది. ఒక కార్యాలయం దగ్గరున్న కాగితం ఇంకో కార్యాలయం చూడకపోతే జరిగేది ఇదే. కాబట్టి సీఎఫ్‌ఓ చదివేటప్పుడు పర్యావరణ అనుమతి లేఖను పక్కన పెట్టుకుని, రెండింటిలోని ఉత్పత్తి అంకెలను పోల్చి చూడాలి. ఆ లేఖలు కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో ఎవరికైనా దొరుకుతాయి.

మండలికి కాదనే ధైర్యం ఉండదన్న మాట తరచుగా వింటాం. ఉంటుంది, దానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదని 1996లో జీవో 111 వచ్చింది. ఆ పరిధిలో ఒక నూనెల పరిశ్రమకు రాష్ట్ర ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చినా, 1997లో మండలి సమ్మతి నిరాకరించింది. అప్పీలు అధికారి, హైకోర్టు పరిశ్రమ పక్షాన తేల్చగా, మండలి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1999లో జస్టిస్ ఎం.జగన్నాథరావు రాసిన తీర్పు, హాని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగకుండా ముందే అడ్డుకోవాలనే ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించి, తన వల్ల హాని లేదని రుజువు చేసుకోవాల్సిన భారం పరిశ్రమదేనని చెప్పింది. 2000 డిసెంబరులో వచ్చిన తుది తీర్పు ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపును తోసిపుచ్చింది. జీవో 111 ఆంక్షలను 2022లో సడలించారు గానీ, ఆ తీర్పు చెప్పిన సూత్రం చెక్కుచెదరలేదు. రాష్ట్ర ప్రభుత్వం ఒత్తిడి ఉన్నా మండలి తన చట్టబద్ధ అధికారం మీద నిలబడగలదని ఆ కేసు చూపించింది, ఆ పని చేసిన అధికారుల పట్ల నాకు గౌరవం ఉంది.

ఇక అమలు. వ్యర్థ జలాల నమూనా కోర్టులో చెల్లాలంటే జల చట్టం 21వ సెక్షన్ చెప్పిన పద్ధతిలోనే తీయాలి: నమూనాను పరీక్షకు పంపుతున్నట్టు యజమానికి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి, ఆయన ఎదుటే నమూనాను రెండు భాగాలు చేయాలి, రెండు సీసాలకూ సీలు వేసి, గుర్తు పెట్టి, ఇద్దరూ సంతకం చేయాలి. ఒకటి మండలి ప్రయోగశాలకు పోతుంది, యజమాని కోరితే రెండోది ప్రభుత్వం నిర్దేశించిన వేరే ప్రయోగశాలకు పోతుంది. ఇందులో ఒక్క మెట్టు తప్పినా ఫలితం సాక్ష్యంగా పనికిరాదు. ఊరివాళ్లు నీళ్ల సీసాలో పట్టి తెచ్చిన నమూనాకు ఈ బలం ఉండదు. అయినా తేదీ, సమయం, చోటు రాసి, ఫొటోతో సహా అదే రోజు ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకుంటే, అధికారి రావడానికి అది బలమైన కారణమవుతుంది. బీఓడీని 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచి కొలుస్తారు కాబట్టి, ఎండలో రెండు రోజులు తిరిగిన సీసా ఏ నిజమూ చెప్పదు.

ఉల్లంఘన తేలితే షోకాజ్ నోటీసు, టాస్క్‌ఫోర్స్ కమిటీ ముందు విచారణ, గడువుతో కూడిన ఆదేశాలు, బ్యాంకు గ్యారంటీ, చివరికి మూసివేత ఉత్తర్వు అన్నది మామూలు క్రమం. వీటికి తోడు పర్యావరణ పరిహారం ఉంది. కేంద్ర మండలి సూత్రంలో ఎరుపు వర్గానికి 80 అంకెను, ఉల్లంఘన సాగిన రోజులతో, సాధారణంగా 250 రూపాయల గుణకంతో, పరిశ్రమ పరిమాణంతో, దగ్గరి జనాభా గుణకంతో హెచ్చిస్తారు. చిన్న ఊళ్ల దగ్గరున్న పెద్ద పరిశ్రమ 30 రోజులు షరతు తప్పితే ఆ లెక్క 9 లక్షల రూపాయలు. ఎవాపరేటర్‌ను నెల రోజులు ఆపితే మిగిలే ఆవిరి, కరెంటు ఖర్చుతో ఒక పెద్ద కర్మాగారం ఈ మొత్తాన్ని పోల్చి చూసుకోదని నేను నమ్మలేను. మండలులు ఇలా పరిహారం విధించవచ్చా అన్న వివాదాన్ని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి, 33ఏ, 31ఏ సెక్షన్ల కింద ఆ అధికారం ఉందని చెప్పింది. మరోవైపు, 2023, 2024 సవరణలు చాలా ఉల్లంఘనలకు జైలు శిక్ష తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టాయి.

పత్రంలో లేనిది పరీక్షలో బయటపడదన్నది పటాన్‌చెరు నేర్పిన విషయం. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. అది ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే స్థాయి కన్నా ఎక్కువ. బీఓడీ, సీఓడీ కొలతలతో ఆ మందు జాడ తెలియదు. యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020లో ముసాయిదా తెచ్చింది, 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. వాటిని తిరిగి చేర్చాలని మందుల పరిశ్రమల చుట్టూ ఉన్న మనమే అందరికన్నా గట్టిగా అడగాలి. దేశవ్యాప్తంగా రాష్ట్ర మండలుల్లో మంజూరైన పోస్టుల్లో సగానికి దగ్గరగా ఖాళీగా ఉన్నాయన్నది కూడా దీంతోపాటే అడగాల్సిన ప్రశ్న, ఎందుకంటే కొత్త పరిమితిని కొలవడానికి ప్రయోగశాలలో మనిషి ఉండాలి.

అనుమతి పత్రాన్ని ఎలా సంపాదించాలన్నది చివరి ప్రశ్న. సమాచార హక్కు దరఖాస్తు ఒక దారి. అంతకన్నా నేరుగా, జల చట్టం 25వ సెక్షన్ ప్రకారం మండలి షరతుల రిజిస్టరు నిర్వహించాలి, ఆ వ్యర్థ జలాల వల్ల ప్రభావితులయ్యే ఎవరైనా దాన్ని పనివేళల్లో చూడవచ్చు. ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లేటప్పుడు ఈ సెక్షన్ నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి. షరతు ఉల్లంఘనపై మండలి కదలకపోతే అదే చట్టం 49వ సెక్షన్ కింద 60 రోజుల నోటీసు ఇచ్చి మీరే కోర్టులో ఫిర్యాదు చేసే వీలుంది, అలా చేసినవారు అడిగితే మండలి తన దగ్గరున్న నివేదికలు ఇవ్వాలి. ప్రజాప్రయోజనానికి విరుద్ధమనుకుంటేనే నిరాకరించగలదు. చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ ప్రాంత ధర్మాసనం మన రెండు రాష్ట్రాలకూ వర్తిస్తుంది. అక్కడ పర్యావరణ అనుమతి మీద అప్పీలుకు 30 రోజులు, ఇతర వివాదాలకు కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలలు గడువు. తగిన కారణం చూపితే ట్రైబ్యునల్ మరో 60 రోజులు ఇవ్వగలదు, ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఇవ్వదు. అందువల్ల మొదటి ఫిర్యాదు ఇచ్చిన తేదీ, దాని రసీదు భద్రంగా ఉండాలి.